కుంపటి దగ్గరా, కాలేజీలోనా? నగల చదువుపై ఒక సమీక్ష

ఖరగ్‌పూర్‌కి తెలుగువాళ్ళు రైలు వెంట వచ్చారు. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి, బెంగాల్ నాగపూర్ రైల్వేకి హౌరా దారి తెరుచుకుంది. ఆ రోజుల్లోనే లేచిన వర్క్‌షాపులో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపునుంచి కుటుంబాలకు కుటుంబాలు కదిలొచ్చాయి. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇవాళ ఖరిదా, మలంచ, నిమ్‌పురా, మథురాకాటి వీధుల్లో తెలుగు, బెంగాలీ, హిందీ కలిపి మాట్లాడుతూ బతుకుతున్నారు. ఇదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, ఘాటాల్ సబ్‌డివిజన్‌లో దాస్‌పూర్ ఉంది. అక్కడి కుర్రాళ్ళు తరాలుగా రైలెక్కి నగల పనికి బయటి ఊళ్ళకు పోతున్నారు. ముంబయి జవేరీ బజారు, ఢిల్లీ కరోల్‌బాగ్, హైదరాబాద్ చార్‌కమాన్ చుట్టుపక్కల గల్లీలు వాళ్ళ చేతిపని మీద కూడా నడుస్తున్నాయి. తెలుగువాడు ఇనుము పనికి ఇటు వచ్చాడు, బెంగాలీ బంగారం పనికి అటు వెళ్ళాడు.

అందుకే హయ్యర్ సెకండరీ పూర్తిచేసిన ఖరిదా పిల్ల ఎవరైనా ‘నగల డిజైన్ చదువుతాను’ అంటే ఇంట్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘కంసాలి పనికి కాలేజీ ఎందుకు, దుకాణంలో కూర్చుంటే రాదా?’ అనేది ఒకటి. ‘డిగ్రీ చేతికొస్తే పెద్ద కంపెనీలో ఉద్యోగం’ అనేది రెండోది. రెండింటిలోనూ సగం నిజమే ఉంది. ఏ సగం ఎక్కడిదో తేల్చడానికే ఈ సమీక్ష.

వంశం నేర్పిన విద్య

తెలుగునాట బంగారం పని విశ్వబ్రాహ్మణుల కులవృత్తి. పిల్లవాడి చదువు కుంపటి దగ్గర మొదలయ్యేది. ముందు బొగ్గులు రాజేయడం, ఊదుగొట్టంతో మంటను ఒకే పాటున నిలపడం. తర్వాత కమ్మచ్చులో తీగ లాగడం, ఆకురాయి పట్టడం, వెలిగారం వేసి అతుకు పెట్టడం. నగిషీ చెక్కడం, రాళ్ళు పొదగడం చాలా ఏళ్ళకుగానీ చేతికి వచ్చేవి కావు. తూకానికి గురిగింజ, నాణ్యానికి గీటురాయి ఉండేవి. పుస్తకం లేదు, పరీక్ష లేదు. నగ చేయించుకున్నవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కితే పాసైనట్టు.

ఈ పద్ధతిని గట్టిగా సమర్థించినవాళ్ళు ఉన్నారు. ఆనంద కుమారస్వామి 1909లో వెలువరించిన ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’లో వంశపారంపర్యంగా, శ్రేణుల నీడలో సాగిన వృత్తి శిక్షణకు పెద్ద పీట వేశాడు. పని, బతుకు, నమ్మకం ఒకే ఇంట్లో కలిసి ఉండటంవల్లే ఆ పనితనం సాధ్యమైందని ఆయన వాదం. వడ్డాణం మీది నగిషీనిగానీ, గుట్టపూసల కంఠాభరణం అంచున వేలాడే ముత్యాల గుత్తులనుగానీ చూసినప్పుడు ఆ వాదన కొట్టిపారేయలేం.

ఆ ఇంటి చదువుకు లోపాలూ ఉన్నాయి. ఆ గడప మరో కులం పిల్లలకు తెరుచుకోలేదు. ఆడపిల్లలు పూసలు గుచ్చడం దగ్గరే ఆగిపోయారు. మెళకువలు ఇంటి రహస్యాలుగా మిగిలి, ఇంటితోపాటే కొన్ని అంతరించాయి. పనివాడికి తన పనితనాన్ని చెప్పే కాగితం ముక్క ఉండేది కాదు. ఆ లోటు 1963లో బాగా తెలిసొచ్చింది. చైనా యుద్ధం తర్వాత కేంద్రం బంగారం నియంత్రణ ఉత్తర్వులు తెచ్చి, 14 క్యారెట్లకు మించిన నగలు కొత్తగా చేయకూడదంది. 22 క్యారెట్ల మెత్తని బంగారానికి అలవాటుపడ్డ చేతులు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఎందరో స్వర్ణకారులు వృత్తి వదిలారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. క్యారెట్ల నిబంధన కొన్నేళ్ళకే సడలినా, 1968 నాటి నియంత్రణ చట్టం 1990లోగానీ రద్దు కాలేదు. బడి చదువు లేని పనివాడికి మరో తలుపు తట్టే వీలు లేకపోవడం ఆ దెబ్బను రెట్టింపు చేసింది.

దాస్‌పూర్ చెప్పే పాఠం

దాస్‌పూర్ దారి కొంచెం వేరు. అక్కడినుంచి పనికి వెళ్ళినవాళ్ళలో కులవృత్తి కానివాళ్ళు, రైతు కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు. ఊళ్ళో అన్నో మావయ్యో ముందు వెళ్ళి కార్ఖానాలో కుదురుకుంటాడు, తర్వాత తమ్ముణ్ణి పిలిపించుకుంటాడు. మొదట్లో తిండీ పడకా తప్ప చేతికొచ్చేది తక్కువ. పని చేతికొచ్చాకే కూలి. కులం కట్టిన గోడను ఊరి బంధుత్వం ఇలా పడగొట్టింది. బడి ఏదీ అంతమందికి నేర్పలేదన్నది ఒప్పుకోవలసిన నిజం.

కానీ కార్ఖానా నేర్పేది ముక్కలు ముక్కలుగా నేర్పుతుంది. ఒకడు అతుకు పనివాడు, ఒకడు రాళ్ళు పొదిగేవాడు, ఇంకొకడు మెరుగు పెట్టేవాడు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషి కూడా ఒక హారాన్ని గీతనుంచి మెరుగుదాకా తానే చేసి ఉండకపోవచ్చు. నగకు ధర ఎలా కడతారో, రాయి అసలుదో కాదో అతనికి చెప్పేవాళ్ళు ఉండరు. 2020 లాక్‌డౌన్‌లో దేశం నలుమూలలనుంచి ఇలాంటి పనివాళ్ళు మేదినీపూర్ పల్లెలకు తిరిగొచ్చారు. చేతుల్లో గొప్ప పనితనం ఉంది, దాన్ని రుజువు చేసే పత్రం లేదు. బ్యాంకు అప్పుకైనా సొంత దుకాణానికైనా అదే అడ్డం.

బడి ఎప్పుడు మొదలైంది, ఏం నేర్పుతోంది

నగల పనిని బడికెక్కించిన తొలి ఊళ్ళలో జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్ ఒకటి. బాడెన్ పాలకుడు కార్ల్ ఫ్రీడ్రిష్ 1767లో అక్కడి అనాథాశ్రమంలో గడియారాలు, నగల తయారీ మొదలుపెట్టించాడు. పిల్లలకు బొమ్మ గీయడం, లోహం పని కలిపి నేర్పారు. ఆ ఊరు ఇవాళ్టికీ నగల పట్టణమే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగల పాఠశాల 1890లో దుకాణాల మధ్యనే పుట్టింది. రత్నశాస్త్రానికి అమెరికాలో 1931లో రాబర్ట్ షిప్లీ స్థాపించిన జీఐఏ దారి చూపింది. వజ్రాన్ని క్యారెట్, రంగు, స్వచ్ఛత, కోత అనే నాలుగు లెక్కలతో చూడటం ప్రపంచానికి అలవాటు చేసింది ఆ సంస్థే.

మన దేశంలో ఆంగ్లేయుల కాలంలోనే మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో కళా పాఠశాలలు పెట్టారు. వృత్తిపనులను బాగుచేయడం వాటి తొలి ఆశయాల్లో ఒకటి. కాలక్రమంలో చిత్రలేఖనం, శిల్పం ముందుకొచ్చి, కంసాలి కుంపటి వెనక్కి పోయింది. స్వతంత్రం వచ్చాక 1961లో అహ్మదాబాద్‌లో డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీ, 1986లో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ వచ్చాయి. నిఫ్ట్ హైదరాబాద్, కోల్‌కతా శాఖలు రెండూ 1995లో మొదలయ్యాయి. ఆభరణాలు అక్కడ నాలుగేళ్ళ యాక్సెసరీ డిజైన్ డిగ్రీలో ఒక భాగం. 1966లో ఏర్పడిన రత్నాభరణాల ఎగుమతి మండలి అండతో 2003లో ముంబయిలో ఐఐజీజే అనే నగల విద్యాసంస్థ మొదలైంది, తర్వాత జైపూర్, ఢిల్లీ వంటి చోట్లకూ విస్తరించింది. డిజైన్‌తోపాటు తయారీని, రత్న పరీక్షను ప్రధానంగా నేర్పే బడి ఇది.

బడి నేర్పేవాటిలో కార్ఖానాలో దొరకనివి నాలుగున్నాయి.

మొదటిది గీత. కాగితం మీద పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి కొలతలతో గీయడం. ఆ తర్వాత రైనో, మ్యాట్రిక్స్ వంటి క్యాడ్ సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో గీసిన ఉంగరం త్రీడీ ప్రింటర్‌లో మైనపు అచ్చుగా వస్తుంది. దాన్ని పోతపోస్తే లోహం. ఇక్కడ లెక్క తప్పితే నష్టం నేరుగా జేబుకే. మైనం సాంద్రత దాదాపు ఒకటి, 22 క్యారెట్ల బంగారానిది 17, 18 మధ్య. అంటే అచ్చులో ఒక గ్రాము ఎక్కువైతే నగలో 17 గ్రాములకు పైగా పెరుగుతుంది. బొమ్మ అందంగా గీసి ఈ లెక్క తెలియని డిజైనర్‌ని ఏ కార్ఖానాలోనూ రెండు నెలలు భరించరు.

రెండోది లోహం, రాయి గురించిన జ్ఞానం. గీటురాయితో నాణ్యం పసిగట్టడం నేర్పు. ఆ అంచనాను ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతోనూ, నిప్పు పరీక్షతోనూ సరిచూసుకోవడం శాస్త్రం. ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2000లో మొదలుపెట్టిన హాల్‌మార్కింగ్, అంటే బంగారం స్వచ్ఛతకు ముద్ర వేయడం, 2021 జూన్ 16నుంచి దశలవారీగా తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 తర్వాత ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. 22 క్యారెట్లకు వేసే 916 ముద్ర వెనక ఏముందో తెలియని పనివాడు ఇక మార్కెట్లో నిలవలేడు.

మూడోది ప్రాణరక్షణ. ‘కేడీఎం బంగారం’ అని మన ఇళ్ళలో చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాం. అది కాడ్మియం కలిపిన అతుకుతో చేసిన బంగారం. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరిగితే, కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ పొగ పీల్చిన పనివాడి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గాలి ఆడని గదిలో యాసిడ్‌లతో మెరుగు పెట్టేవాడికి ముసుగు, పొగగొట్టం, చేతి తొడుగులు ఎందుకో చెప్పేవాళ్ళు కార్ఖానాలో అరుదు. మంచి బడిలో అది మొదటి వారం పాఠం.

నాలుగోది హక్కు. 2000 నాటి డిజైన్స్ చట్టం కింద కొత్త నమూనాను నమోదు చేసుకుంటే పదేళ్ళ రక్షణ, మరో ఐదేళ్ళు పొడిగింపు దొరుకుతాయి. తరతరాలుగా కొత్త నమూనాలు సృష్టించిన చేతులకు ఈ మాట తెలియనే తెలియదు. లాభం మాత్రం నమూనాను ముందుగా కేటలాగులో అచ్చువేసుకున్నవాడిది.

బడి ఎక్కడ తడబడుతోంది

ఇన్ని చెప్పాక బడి లోపాలూ చెప్పాలి. వాటిలో పెద్దది, గీసేవాణ్ణీ చేసేవాణ్ణీ విడదీయడం. చాలా డిజైన్ కోర్సుల్లో కంప్యూటర్ గంటలు ఎక్కువ, బల్ల దగ్గర గంటలు తక్కువ. అతుకు నిలవని చోట అతుకు గీసే పట్టభద్రులు తయారవుతున్నారు. ఆ బొమ్మను చూసి పెదవి విరిచే కార్ఖానా పనివాడికి వాళ్ళకంటే జీతం తక్కువ. చదువు చేతికి గౌరవం తేవలసింది పోయి, చేతి మీద ఒక పై మెట్టు కట్టుకుంది.

రెండో లోపం ఖర్చు. పది గ్రాముల బంగారం ధర 2025లో లక్ష రూపాయలు దాటాక, విద్యార్థి చేతికి బంగారం ఇచ్చి నేర్పే బడి ఎక్కడుంటుంది? ఇత్తడి, రాగి, వెండి మీదే అభ్యాసం. మొదటి అడుగుకు అది చాలు. కానీ వెండి వేడిని పరుచుకునే తీరు వేరు, 22 క్యారెట్ల బంగారం ఆకురాయి కింద అరిగే తీరు వేరు. రాలిన పొడి ప్రతి రవ్వనూ ఏరుకోవడం, తరుగు లెక్క కట్టడం అసలు లోహం ముందు కూర్చున్నప్పుడే ఒంటబడతాయి.

మూడోది గురువుల సంగతి. ముప్ఫై ఏళ్ళు కుందనం పొదిగిన ఉస్తాద్‌కి డిగ్రీ లేదు గనక ప్రొఫెసర్ కాలేడు. డిగ్రీ ఉన్నవాడు ఊదుగొట్టం పట్టి ఉండకపోవచ్చు. గౌరవ అతిథిగా ఒక్కరోజు పిలిచి శాలువా కప్పితే ఈ లోటు తీరదు.

నాలుగోది భాష, రుచి. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో, ఉదాహరణలు పారిస్, మిలన్‌లనుంచి. ఖరిదాలో నగల దుకాణం నడిపేవాడికి కావలసిన సిలబస్ అతని గాజు పెట్టెలోనే ఉంది. బెంగాలీ పెళ్ళికూతురికి శాంఖా, పొలా గాజులు, మణికట్టు కప్పే మంతాషా. తెలుగు పెళ్ళికూతురికి పుస్తెలు, నల్లపూసలు, కాసులపేరు. తెలుగింటి పుస్తెలను బెంగాలీ పనివాడు చేయవలసిన ఊళ్ళో రెండు సంప్రదాయాల కొలతలూ ఆచారాలూ తెలిసిన డిజైనర్‌కి పని వెతుక్కుంటూ వస్తుంది. ఆ పాఠం చెప్పే కోర్సు మాత్రం అరుదు.

మధ్యలో ఉన్న దారులు

జర్మనీలో గోల్డ్‌స్మిత్ కావాలనుకున్న కుర్రాడు మూడున్నరేళ్ళు శిక్షణ పొందుతాడు. వారంలో ఎక్కువ రోజులు దుకాణంలో యజమాని దగ్గర పనిచేస్తూ, మిగతా సమయం వృత్తి పాఠశాలలో గీత, లోహశాస్త్రం చదువుతాడు. నెలనెలా భత్యం వస్తుంది, చివర పరీక్ష ఉంటుంది. కుంపటిని, తరగతి గదిని ఒకే చదువులో కలిపిన ఏర్పాటు అది.

మనకూ చట్టం ఉంది. 1961లోనే అప్రెంటిసుల చట్టం వచ్చింది. 2016లో శిక్షణ భత్యంలో కొంత కేంద్రం భరించే పథకమూ వచ్చింది. అవి పెద్ద కర్మాగారాల్లో నడిచినట్టు ఐదుగురు పనివాళ్ళున్న గల్లీ కార్ఖానాలో నడవలేదు. అక్కడ హాజరు పట్టీయే ఉండదు. ఇక ముందే పని వచ్చినవాళ్ళను పరీక్షించి పత్రమిచ్చే పద్ధతి దాస్‌పూర్ వంటి చోట్లకు అన్నిటికంటే అవసరం. రత్నాభరణాల నైపుణ్య మండలి ఆ పని చేపట్టింది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో స్వర్ణకారులనూ చేర్చింది. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు. గుర్తింపుగా, పెట్టుబడిగా ఇది పనికొస్తుంది. వారం రోజులను చదువు అనలేం. కుటుంబ వృత్తికే ముడిపెట్టడంపై తమిళనాడు అభ్యంతరం చెప్పి, ఆ షరతు తీసేయాలనీ, కనీస వయసు 18నుంచి 35కి పెంచాలనీ కోరింది. ఆ తర్వాత సొంత పథకం పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి తండ్రి కుంపటికే కట్టేయకూడదన్న ఆ వాదనలో న్యాయం ఉంది. నగల పని కులం గీత దాటడానికి ఉన్న గట్టి దారుల్లో బడి ఒకటి. అందుకే ఆ వాదన బడికి బలమే తప్ప అడ్డం కాదు.

ఖరిదానుంచి చూస్తే

ఇక్కడి పిల్లలకు కోల్‌కతా 115 కిలోమీటర్ల దూరం, లోకల్ రైలు ప్రయాణం. నిఫ్ట్ కోల్‌కతా ఉంది, హౌరా జిల్లా అంకుర్‌హాటిలో నగల పార్కు ఉంది, బౌబజార్‌లో వందలాది దుకాణాలున్నాయి. దక్షిణాన అదే రైలు మార్గంలో కటక్ ఉంది. అక్కడి వెండి తీగపని ‘రూపా తారకసి’కి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన కరీంనగర్ వెండి తీగపనికి అది 2007లోనే వచ్చింది. తీగపని నేర్చుకునేవాళ్ళకు పెట్టుబడి తక్కువ, పనితనం ఎక్కువ కావాలి. కాబట్టి తొలి మెట్టుగా వెండి మంచి ఎంపిక. బంగారం జోలికి పోకుండా బతుకుతెరువు చూసుకోవాలంటే మచిలీపట్నం పక్కన చిలకలపూడి ఉంది. రోల్డుగోల్డు నగలను ఒక ఊరి పరిశ్రమగా నిలబెట్టిన చోటు అది.

ఎవరికి ఏ దారి? గీత బాగా పట్టుబడి, పెద్ద బ్రాండ్లలో పనిచేయాలనుకునేవాళ్ళకు నాలుగేళ్ళ డిగ్రీ తగినది. కానీ ప్రతి సెలవుల్లోనూ కార్ఖానాలో కూర్చోవాలి. చేతిపని మీద మనసున్నవాళ్ళకు తయారీ నేర్పే ఏడాది, రెండేళ్ళ కోర్సు, ఆపైన ఒక ఉస్తాద్ దగ్గర శిష్యరికం మేలు. ఇంట్లో దుకాణం ఉన్నవాళ్ళకు డిగ్రీకంటే రత్న పరీక్ష, హాల్‌మార్కింగ్, జీఎస్‌టీ లెక్కలు నేర్పే చిన్న కోర్సులు ఎక్కువ లాభం. ఇప్పటికే పని వచ్చినవాళ్ళు కొత్తగా చదవనక్కరలేదు. ఉన్న నేర్పుకు పత్రం తెచ్చుకుని, క్యాడ్ ఒక్కటి అదనంగా నేర్చుకుంటే చాలు. ఆడపిల్లలకు మాత్రం బడి తప్ప మరో తలుపు ఇప్పటికీ సరిగా తెరుచుకోలేదు, కాబట్టి ఖర్చయినా అదే మేలు.

ఫీజు కట్టేముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని. వారంలో బల్ల దగ్గర ఎన్ని గంటలు? ప్రతి విద్యార్థికీ సొంత బల్ల, టార్చి ఉన్నాయా? పొగ బయటికి పోయే ఏర్పాటు ఉందా? నేర్పేవాళ్ళలో కార్ఖానాలో పనిచేసినవాళ్ళు ఎందరు? కోర్సు అయ్యేసరికి విద్యార్థి మొదటినుంచి చివరిదాకా తానే పూర్తిచేసిన నగలు ఎన్ని? కంప్యూటర్లు చూపించి ఈ ప్రశ్నలు దాటవేసే చోట డబ్బు పెట్టకూడదు.

తీర్పు చెప్పవలసి వస్తే, చేతికి నేర్పడంలో కార్ఖానాదే పైచేయి. ఆ చేతికి లెక్క, ఆరోగ్యం, హక్కు, పేరు ఇవ్వడంలో బడిది పైచేయి. రెండింటినీ కలిపే బడి అవసరం ముంబయికంటే, ఢిల్లీకంటే పనివాళ్ళు పుట్టి పెరిగే ఈ జిల్లాకే ఎక్కువ. దాస్‌పూర్ ఉస్తాద్‌లు జీతం తీసుకుని నేర్పే, బెంగాలీలో, తెలుగులో, హిందీలో పాఠం చెప్పే, సాయంత్రాలు నడిచే ఒక వృత్తి పాఠశాల ఖరగ్‌పూర్‌లో రావాలి. రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య పథకం ‘ఉత్కర్ష్ బంగ్లా’ ఉంది, అప్రెంటిసుల చట్టం ఉంది, పనివాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు. అడగవలసిన బాధ్యత ఊళ్ళోని నగల వర్తకులది, తెలుగు సంఘాలది. అది వచ్చేదాకా, నగల చదువు చదవాలనుకునే పిల్లలు కోర్సులో చేరేముందు తెలిసిన కార్ఖానాలో ఒక వారం కూర్చుని పని చూడాలి. ఆ తర్వాత కూడా ఆసక్తి తగ్గకపోతే ఫీజు కట్టండి.